టీచరమ్మ చెప్పని వాక్యం

మొన్న ఆదివారం అబిడ్స్‌లో, మూసిన దుకాణాల ముందు పేవ్‌మెంటు మీద పరిచిన పాత పుస్తకాలు చూస్తూ నడుస్తున్నాను. ఒకచోట పుస్తకాల పక్కన రేకు డబ్బాలో పనికిరాని కలాలూ పెన్సిళ్ళూ పోసి పెట్టారు. అందులో ఒక పొట్టి పెన్సిలు చేతికి తగిలింది. డెబ్బై దాటినదాన్ని, నలుగురూ చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా దాని మొన నాలుకకు తాకించాను. అదే చేదు. అరచేతి మీద గీసి చూసుకుంటే అదే ఊదారంగు. "అమ్మా, గది తినేది కాదు" అని అమ్మే మనిషి నవ్వాడు. నేనూ నవ్వి అక్కడి నుంచి కదిలాను గానీ, ఇల్లు చేరేదాకా ఆ చేదు నోట్లోనే ఉంది. పదిహేనేళ్ళ వయసులో మొదలుపెట్టి రెండేళ్ళపాటు నా నాలుక మీద రోజూ ఉన్న రుచి అది. సాయంత్రం అన్నానికి కూర్చోగానే మా అమ్మ "నాలుక సూపియ్" అనేది. ఊదాగా ఉంటే "టీచరమ్మ కాడ రాసొచ్చినవా బిడ్డా, నోరు కడుక్కో పో" అనేది. ఆ టీచరమ్మ పేరు సుభద్రమ్మ గారు. తెలుగులో ఒక వాక్యం తప్పు లేకుండా రాయడం నాకు నేర్పిన మనిషి ఆమె. ఆమెను చూసినవాళ్ళు ఇప్పుడు నేను తప్ప ఎవరూ మిగల్లేదనుకుంటాను.

మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉండేది. నాన్న అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. ఇంటి ముందరి రెండు గదులూ కిరాయికి ఇచ్చేవాళ్ళం. అందులో వెంకట్రావు గారని, రైల్వేలో పనిచేసే ఆంధ్రా ప్రాంతం ఆయన ఒక్కరే ఉండేవారు. రంగూన్ మీద జపానువాళ్ళ బాంబులు పడిన తర్వాతి వేసవిలో, ఒక మధ్యాహ్నం ఆయన మా గుమ్మం ముందు టాంగా దిగారు. స్టేషన్ నుంచి మా ఇంటికి టాంగా ఎక్కాల్సినంత దూరం లేదు. ఎందుకు ఎక్కారా అనుకుంటుండగానే, ఆయన లోపలి నుంచి ఒక ఆడమనిషిని రెండు చేతులూ పట్టుకుని దింపారు. నలభై ఏళ్ళుంటాయేమో. తెల్లచీర, ఒక గుడ్డసంచి. కాళ్ళకు చెప్పులకు బదులు గుడ్డలు చుట్టి ఉన్నాయి.

"అయ్యో, గీ కాళ్ళేందమ్మా గిట్లయినయ్?" అంది మా అమ్మ.

"నడిచానండీ."

"యాడికెల్లి?"

"రంగూన్ నుంచి."

మా అమ్మకు రంగూన్ ఎక్కడుందో తెలియదు. బేగం బజార్ అవతల ఎక్కడో అనుకుందో ఏమో, "టాంగా దొరకలేదా?" అంది జాలిగా. ఆ మాటకు ఆమె మొదట నిర్ఘాంతపోయి, తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. గోడకు చేయి ఆనించి, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. వెంకట్రావు గారు తమ అక్క సుభద్రమ్మ గారు అలా నవ్వడం చూసి ఏడ్చేశారు. మా అమ్మ ఏమీ అర్థంకాకపోయినా వేడినీళ్ళు పెట్టడానికి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి ఆమెకూ మా అమ్మకూ స్నేహం. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. ఆ సగంతోనే ఆరేళ్ళు గడిపారు.

సంగతులన్నీ మాకు కొద్దికొద్దిగా తెలిశాయి. ఆమె రంగూన్‌లో తెలుగు పిల్లల బడిలో పంతులమ్మ. చిన్నతనంలోనే భర్త పోయాడు. రేవులో మూటలు మోసేవాళ్ళ పిల్లలూ, మిల్లు కూలీల పిల్లలూ ఆమె దగ్గర చదువుకునేవాళ్ళు. ఊరు తగలబడుతున్నప్పుడు స్టీమరులో చోటు దొరకని, అంతదూరం నడవలేని తల్లిదండ్రులు కొందరు తమ పిల్లల్ని ఆమెకు అప్పగించారు. తల్లిదండ్రులు ఏమయ్యారో తెలియని పిల్లలు మరికొందరు ఆమె కొంగు పట్టుకుని వచ్చేశారు. వాళ్ళందరితో కలిసి అడవులూ కొండలూ దాటుతూ మన దేశం వైపు నడిచారు. పదకొండు మంది పిల్లల్ని విశాఖపట్నం దాకా తెచ్చి వాళ్ళ వాళ్ళకు ఒప్పజెప్పి, అప్పుడు తమ్ముడి దగ్గరకు వచ్చారు.

ఆ నడక ఆమెలో ఒక అలవాటును మిగిల్చింది. సందులో పిల్లలు ఆడుకుంటుంటే గుమ్మంలో కూర్చుని పెదవులు కదుపుతూ లెక్కపెట్టేవారు. ఎవరైనా ఇంట్లోకి వెళ్తే మళ్ళీ మొదటి నుంచి లెక్క. "ఎవలి పిల్లలు తల్లీ, ఎందుకు లెక్కవెడ్తున్నవ్?" అని మా అమ్మ అడిగితే సిగ్గుపడి లేచిపోయేవారు. కానీ మర్నాడు మళ్ళీ అంతే. చివరికి సందులోని తల్లులే అలవాటుపడ్డారు. పిల్ల కనబడకపోతే "టీచరమ్మనడుగు, లెక్క ఆమె కాడ ఉంటది" అనేవాళ్ళు.

నేను ఆమె దగ్గర చేరింది కార్డుముక్కలు రాయడానికి. మలేరియా వల్ల ఆమె చేతులు వణికేవి, రాసింది ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒకరోజు నన్ను పిలిచి, "అమ్మాయ్, చదువుకుంటున్నావుగా, నాలుగు ముక్కలు రాసిపెడతావా?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను చదువుకుంటున్నది నిజమే గానీ, బడిలో చదువంతా ఉర్దూ. తెలుగు ఇంట్లో మాట్లాడటమే. అక్షరాలు వచ్చు, ఒత్తులు పెట్టాలంటే చెమటలు పట్టేవి. నాన్నకు ఆ సంగతి పెద్ద విషయం కాదు. "తెలుగు నేర్చి ఏం జేస్తవ్ బిడ్డా? కొలువులన్నీ ఉర్దూలనే ఉన్నయ్" అనేవాడు. ఆ మాటే టీచరమ్మకు చెప్పాను. "ఉర్దూ మంచి భాష, మానకు. కానీ మీ అమ్మ మీద కోపం వస్తే ఏ భాషలో వస్తుంది నీకు?" అన్నారు. నేను నవ్వేశాను. "అయితే ఆ భాష రాయడం కూడా రావాలిగా" అన్నారు.

ఆ కార్డులన్నింటిలో ఒకటే సంగతి, నడకదారిలో దూరమైన ఆమె శిష్యులిద్దరి గురించి. బర్మా నుంచి వచ్చినవాళ్ళను ఉంచిన శిబిరాలకు, ఆసుపత్రులకు, తెలిసినవాళ్ళకు, తెలియనివాళ్ళకు: సూరి, పద్దెనిమిదేళ్ళవాడు, ఎడమ కనుబొమ మీద మచ్చ, పైడి, పదహారేళ్ళ పిల్ల, సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఎక్కడైనా కనిపించారా? నేను రాసేదాన్ని, ఆమె కుంటుకుంటూ అబిడ్స్ పోస్టాఫీసుదాకా తామే నడిచి వెళ్ళి వేసి వచ్చేవారు. ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. ఒక్కదానికీ జవాబు రాలేదు. కొన్ని నెలల తర్వాత ఒకరోజు ఆమె నేను రాసిన కార్డు చేతిలోకి తీసుకుని మళ్ళీ మళ్ళీ చదివారు. "మచ్చ, పొడుగు. ఇంతేనా వాళ్ళు? ఇది చదివి ఎవరికి వెతకాలనిపిస్తుంది? వాళ్ళెలాంటివాళ్ళో తెలియాలి. వాళ్ళ కథంతా తెలియాలి" అన్నారు. ఆ మర్నాడే నవల మొదలైంది.

యుద్ధకాలం, కాగితం కరువు. వెంకట్రావు గారు ఆఫీసులో పారేసిన ఫారాలు తెచ్చేవారు. వాటి వెనకవైపు రాసేదాన్ని. సిరా కూడా దొరికేది కాదు కనుక, మొన నాలుకతో తడిపితే సిరాలా రాసే ఆ ఊదా పెన్సిలు కూడా ఆయనే తెచ్చారు. బడి నుంచి రాగానే ముందుగదిలో చాప మీద కూర్చునేదాన్ని. టీచరమ్మ గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుని చెప్పేవారు. సూరి రేవులో బియ్యం మూటలు మోసి, సాయంత్రం బడికి వచ్చి, పలక మీద పేరు రాస్తూనే నిద్రపోవడం. పైడి వాడి చెవి పిండి లేపడం. బాంబులు పడిన రోజున ఊరంతా పరుగెడుతుంటే సూరి ఎదురు పరుగెత్తుకొచ్చి బడి తలుపు తట్టడం. ఇంకా ఒకటి, నాకు చాలా ఇష్టమైనది. కొండదారిలో మొయ్యలేక జనం వదిలేసిన ఇత్తడి బిందెల మధ్య, కుట్టుమిషన్ల మధ్య ఒక హార్మోనియం దొరుకుతుంది. సూరి వెనక తిత్తి కొడుతుంటే, హార్మోనియం ఏనాడూ ముట్టని పైడి మెట్లన్నీ ఎడాపెడా నొక్కుతుంది. ఆ మోతకు ఆకలితో ఉన్న పిల్లలంతా నవ్వుతారు. అది చెబుతున్నప్పుడు టీచరమ్మ ఆ అపస్వరాలన్నీ తమ గొంతుతో పలికారు. మా అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, ఏమైందోనని.

నేను మధ్యలో తప్పులు చేసేదాన్ని. ఒకసారి పైడి మాట్లాడుతోంది. "ఆకలేస్తోంది సూరీ" అని టీచరమ్మ చెబితే, నేను "ఆకలైతున్నది" అని రాశాను. మా ఇంట్లో అలాగే అంటాం. చదివి వినిపించమన్నారు. విన్నాక, "మీరలా అంటారా? ఎంత బాగుంది!" అన్నారు. నేను కొట్టేయబోతే ఆగమన్నారు. "తప్పని కొట్టెయ్యకు. అది నీ మాట, నీ కథ రాసుకున్నప్పుడు అలాగే రాయి. కానీ ఇక్కడ ఆకలి పైడిది. దాని మాట దానికుండాలి." ఆంధ్రావాళ్ళు మా మాట వింటే నవ్వుతారని వినివిని ఉన్నదాన్ని. ఆ పూట వంటింట్లోకి వెళ్ళి మా అమ్మతో, మన మాట తప్పు కాదట అని చెప్పాను. "ఎవలన్నరు తప్పని?" అంది అమ్మ, రొట్టె తిప్పుతూ.

రెండో ఏడు వానల నాటికి కథ ఒకచోట ఆగిపోయింది. పైడికి జ్వరం. ఇక నడవలేదు. వాన ముంచుకొస్తోంది, ఏరు పొంగితే దాటలేరు. వెనక పిల్లలున్నారు. సూరి ఆమె పక్కన కూర్చుంటాడు. అక్కడ టీచరమ్మ ఆపేశారు. రేపు చెప్తానన్నారు. రేపు, మళ్ళీ రేపు. మూడు వారాలు గడిచాయి. నాకు పదిహేడేళ్ళు, సూరీ పైడీ నాకు అన్నా వదినల్లా అయిపోయారు. వాళ్ళను ఆ చెట్టు కింద వానలో వదిలి నేను బడికి ఎలా పోను? ఉండబట్టలేక చివరి అధ్యాయం నేనే రాశాను. సూరి పైడిని వీపున వేసుకుని ఏరు దాటిస్తాడు. శిబిరంలో గంజి పోస్తారు. జ్వరం తగ్గుతుంది. విశాఖపట్నంలో పెళ్ళి.

టీచరమ్మకు చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విన్నారు. "ఒక్క తప్పు లేదు అనసూయా. ఒత్తులన్నీ సరిగ్గా ఉన్నాయి" అన్నారు. తర్వాత, "ఇంకోసారి చదవకు. చదివితే నమ్మేస్తాను" అన్నారు.

అప్పుడు నేను ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకున్నది అడిగేశాను. "టీచరమ్మా, ఈ కథల అందరున్నరు. పిల్లలను తోలుకొచ్చిన టీచరు మాత్రం ఎక్కడ లేదు. మీరేరి?"

ఆమె ముఖం అలా అయిపోవడం నేను ముందెన్నడూ చూడలేదు. "రాసుకో" అన్నారు. ఆ సాయంత్రం ఒక్క బిగిన చివరి అధ్యాయం చెప్పేశారు. అందులో మొదటిసారి టీచరు వస్తుంది. పదకొండు మంది పిల్లల్ని లేపి వరసలో నిలబెడుతుంది. తన దగ్గరున్న అటుకుల్లో సగం చెట్టుకింద పెడుతుంది. మనుషుల్ని పంపిస్తానని సూరికి చెబుతుంది. వెనక్కి చూడకుండా నడిచిపోతుంది. ఏరు దాటిన సాయంత్రం అది పొంగుతుంది. పంపడానికి అవతల ఎవరూ ఉండరు. వాళ్ళిద్దరూ ఏమయ్యారో టీచరుకు తెలియదు. కథ అక్కడితో సరి. రాస్తుంటే నా కన్నీళ్ళకు ఊదా అక్షరాలు అలుక్కుపోయాయి. ఆమె మాత్రం ఏడవలేదు.

యుద్ధం ముగిశాక ఆ కాగితాల కట్ట తీసుకుని అబిడ్స్ వెనక వీధిలో ఒక చిన్న ప్రెస్సుకు వెళ్ళాం. యజమాని నరసింగరావు గారని, లావుపాటి పెద్దమనిషి. వారం తర్వాత పిలిపించాడు. "కతల వడి దుకాణం బంద్ చేసుడే మర్చిపోయిన తల్లీ," అన్నాడు. "గని ఆఖర్ల గిదేంది? లడాయి ఖతమైంది. జనం ఏడ్చి ఏడ్చి అలసిపోయిన్రు. ఆ పిల్లకు పానం మంచిగైనట్టు రాయున్రి. ఇద్దరికి లగ్గం జెయ్యున్రి. చూడున్రి ఎట్ల అమ్ముడువోతదో."

నేను రాసిన అధ్యాయం నా సంచిలోనే ఉంది. ఎందుకు దాచానో, ఆ రోజు ఎందుకు తీసుకెళ్ళానో చెప్పలేను. నా చేయి సంచి మీదికి పోవడం టీచరమ్మ చూశారు. "చూపించు, ఆయన అడుగుతున్నారుగా" అన్నారు శాంతంగా. నరసింగరావు గారు నిలబడే చదివి, "గిదే! గిదే నేనడిగింది!" అన్నాడు. నాకు గర్వమూ భయమూ కలిసి వచ్చాయి.

"మా అనసూయ బాగా రాసింది. నాకూ అదే ఇష్టం" అన్నారు టీచరమ్మ. "కానీ పైడి తల్లి భీమిలి దగ్గర ఉందండీ. ఇప్పటికీ బస్సొచ్చినప్పుడల్లా రోడ్డు మీదికి వెళ్ళి చూస్తుందట. ఎవరైనా ఈ పుస్తకం చదివి వినిపిస్తే, కూతురు బతికుందనుకుని వంటచేసుకుని కూర్చుంటుంది. ఆవిడకు ఏం చెప్పమంటారు?"

నరసింగరావు గారు కుర్చీలో కూలబడ్డాడు. నా కాగితాలు జాగ్రత్తగా మడిచి నాకిచ్చాడు. "మీరు చెప్పినట్టే అచ్చేస్త తల్లీ" అన్నాడు. గోధుమరంగు పల్చటి కాగితం మీద పుస్తకం వచ్చింది. మొదటి ప్రతి టీచరమ్మ భీమిలికి పంపారు. మిగతావి మా ముందుగదిలో గోడవారన పేర్చాం. కొన్ని అమ్ముడయ్యాయి, కొన్ని ఊరికే ఇచ్చేశాం. ఎక్కువ భాగం అక్కడే ఉండిపోయాయి.

తర్వాతి సంవత్సరం చలికాలంలో ఒక మధ్యాహ్నం ఒక కవరు వచ్చింది. పై చిరునామా చూస్తూనే టీచరమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయారు. "ఇవి నేను దిద్దించిన అక్షరాలు" అన్నారు. విప్పి చదవమని నాకిచ్చారు. అది సూరి రాసిన ఉత్తరం. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు చాలావరకు గుర్తుంది.

పైడి మూడోనాడు పొద్దున్న పోయిందట. అతనే మట్టి చేశాడట. తర్వాత ఒంటరిగా కొండలు దాటి, రోడ్లు వేసే కూలీల్లో చేరి, యుద్ధం అయ్యేదాకా అస్సాంలోనే ఉండిపోయాడట. మన వైపు తిరిగొచ్చాక చేసిన మొదటి పని భీమిలి వెళ్ళి పైడి తల్లికి చెప్పడం. అక్కడ పుస్తకం కనిపించింది. ఆవిడకు తనే చదివి వినిపించాడట. ఆ తర్వాత ఇలా ఉంది: "పైడి అమ్మకి ఆకరి పాటం సదవలేదు టీచరుగారూ. ఇలా జరగలేదని సెప్పేను. మీరు మమ్మల్ని ఒదిలేసి పోయినట్టు రాసేరు. ఎల్లిపోండి, పిల్లల్ని తీసుకుని ఎల్లిపోండి అని నేను గదా అన్నాను? మీరు ఎల్లనంటే నేను గదా కోప్పడ్డాను? ఆ మాట ఎందుకు రాయలేదు? నన్నెవరూ ఒదిలెయ్యలేదు. నేనే ఉండిపోయేను."

చదవడం అయ్యాక ఉత్తరం మడిచి ఆమె ఒళ్ళో పెట్టాను. అప్పుడు నేనే అడిగాను. "అన్నడా టీచరమ్మా, ఆ మాట?"

"అన్నాడు. రెండుసార్లు అన్నాడు. రెండోసారి అరిచాడు."

"మరి ఎందుకు రాయియ్యలేదు?"

"రాస్తే నా తప్పు నేను కడిగేసుకున్నట్టుంటుందనుకున్నాను. తప్పంతా నా మీద వేసుకుంటే అదే నిజాయితీ అనుకున్నాను" అన్నారు. "వాడు జీవితంలో చేసిన అంత పెద్ద పని, నేను నా బాధలో పడి వాడి చేతిలోంచి లాగేసుకున్నాను అనసూయా." అప్పుడు ఏడ్చారు. ఆమె ఏడవడం చూసి మా అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఏడువు తల్లీ, జర ఏడువు" అని వీపు నిమిరింది.

మర్నాటి నుంచి మేమిద్దరం మిగిలిన ప్రతులన్నీ ముందు పెట్టుకుని కూర్చున్నాం. మళ్ళీ అచ్చువేసే దారి లేదు. చివరి అధ్యాయంలో, టీచరు పిల్లల్ని వరసలో నిలబెట్టే చోట, పక్కనున్న ఖాళీలో ఒక వాక్యం చేత్తో రాయాలి. "'ఎల్లిపోండి టీచర్, పిల్లల్ని తీసుకుని ఎల్లిపోండి, దీని దగ్గర నేనుంటాను,' అన్నాడు సూరి." ఒకటి రెండు పుస్తకాల్లో రాయగానే నాకు కంఠతా వచ్చేసింది. ఇక చెప్పనక్కర్లేదన్నాను. ఆమె వినలేదు. పుస్తకం తెరవగానే ఆ వాక్యం మొదటి నుంచి చెప్పేవారు, నేను రాసేదాన్ని. ఇంకో పుస్తకం, మళ్ళీ అదే వాక్యం. అన్ని పుస్తకాలూ అయ్యేదాకా, పదిరోజులపాటు, అప్పుడే కొత్తగా విన్నట్టు చెప్పారు.

మరికొంత కాలానికి వెంకట్రావు గారికి ఉద్యోగం మారి, అక్కాతమ్ముళ్ళు నాంపల్లి విడిచి వెళ్ళారు. సూరి పెళ్ళికి టీచరమ్మే పెద్దదిక్కుగా నిలబడ్డారని తర్వాత ఉత్తరంలో రాయించారు. ఆ ఉత్తరం సూరి చేతిరాతే. ఆమె పోయిన కబురు కూడా అతనే రాశాడు.

నేను తెలుగు పంతులమ్మనై, ఈ నగరంలోనే ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లలకు చెప్పాను. ఎవరైనా తమ గురించి తామే చెడ్డగా రాసుకొస్తే, అది చాలా నిజాయితీగా ఉందని ఎప్పుడూ మెచ్చుకోలేదు. "అప్పుడు అక్కడ ఇంకెవరున్నారు? వాళ్ళేమన్నారు? అది కూడా రాసుకురా" అని కాగితం వెనక్కి ఇచ్చేదాన్ని. విసుక్కునేవాళ్ళు. కానీ రాసుకొచ్చేవాళ్ళు.

మా అమ్మ దవాఖానలో పోయిన పొద్దున నేను ఆమె దగ్గర లేను, బడిలో ఉన్నాను. పరీక్షల రోజు. ఏళ్ళ తరబడి ఆ సంగతి ఎవరైనా అడిగితే, "మా అమ్మను వదిలేసి పోయాను" అనే చెప్పేదాన్ని. అలా చెప్పడంలో ఒక రకమైన సుఖం కూడా ఉండేది. ఒకనాడు అలా చెబుతూ చెబుతూ, అసలు జరిగింది గుర్తొచ్చి మధ్యలో ఆగిపోయాను. ఆ పొద్దున బడివేళ అవుతున్నా మంచం పక్కన నేను కదలకుండా నిలబడి ఉంటే, మా అమ్మ కళ్ళు తెరిచి నా చేతి గడియారం వైపు చూసింది. "నువ్వు పో బిడ్డా, పిల్లలు సూస్తుంటరు" అంది. నేను పోనన్నాను. "పో అంటున్న గదా" అని కసిరింది.

ఇప్పుడు ఆ సంగతి చెప్పవలసి వస్తే, మా అమ్మ మాటతో కలిపే చెబుతాను.